హారన్ కొట్టొద్దు, పరుగెత్తొద్దు

ఆర్టీసీలో 32 ఏళ్లు స్టీరింగ్ పట్టి రిటైరయ్యాను. ఇప్పుడు 66. కిందటి సంక్రాంతికి వచ్చిన మనవడు నా లాప్‌టాప్‌లో ‘ప్రాజెక్ట్ జాంబాయిడ్’ అనే వీడియో గేమ్ పెట్టి వెళ్లాడు. 1993 జులై, అమెరికాలో కెంటకీ రాష్ట్రం. ఊళ్లకు ఊళ్లు జాంబీలైపోయాయి, అంటే మనుషుల్ని కరిచే నడిచే శవాలు. మీరు మిగిలారు. ఇందులో గెలవడమంటూ లేదు, ఎన్నాళ్లు నెట్టుకొస్తారన్నదే ఆట. మొదలవగానే ‘మీరు చచ్చింది ఇలా’ అని ఇంగ్లీషులో తెర మీద పడుతుంది. మొదటిరోజే నేను 7 సార్లు చచ్చాను. నా ఈడువాళ్లకు అందులో కొన్ని చావులైనా తప్పుతాయని ఇది రాస్తున్నా.

ముందు కళ్ల సంగతి. ఆప్షన్స్‌లోకి వెళ్లి అక్షరాల సైజు పెంచుకోండి. నేను పెంచక, సంచిలో ఏముందో చదవడానికి కళ్లద్దాలు సర్దుకుంటుంటే వెనకనుంచి వచ్చి కరిచింది. అది మూడో చావు.

తర్వాత శాండ్‌బాక్స్ ఎంచుకోండి, అంటే ఆట నియమాలు మనకు నచ్చినట్టు మార్చుకునే పద్ధతి. జాంబీల సంఖ్య తగ్గించుకోవచ్చు. వేగం ‘షాంబ్లర్స్’ అని పెడితే కాళ్లీడ్చుకుంటూ వస్తాయి. ఆటలో ఒక రోజు మామూలుగా మనకు గంట, నేను 3 గంటలు పెట్టుకున్నా. ఇది దొంగాట అంటాడు మనవడు. అననీండి. కాటు పడితే చావే అన్న నియమాన్ని మాత్రం ముట్టుకోలేదు, అది తీసేస్తే ఉప్పులేని పప్పే. నలుగురితో కలిసి ఆన్‌లైన్‌లో ఆడే జోలికి పోకండి, అక్కడ పాజ్ లేదు. స్టవ్ మీద పాలు పొంగుతుంటే జాంబీ ఆగదు.

షిఫ్ట్ నొక్కితే పరుగు. ఆ కీని మరిచిపోండి. పరుగెడితే ఆయాసం వస్తుంది, ఆయాసంతో కొట్టిన దెబ్బకు బలముండదు, పైగా చప్పుడు. సీ నొక్కితే ఆటలో మన మనిషి వంగి నడుస్తాడు, అదే మన నడక. రెండిటికి మించి కనబడితే వెనక్కి తిరగడమే.

ఒంటరిది దొరికితే నడుం ఎత్తు కంచె ఒకటి చూసుకోండి. మీరు ఇవతల, అది అవతల. అది కంచె ఎక్కబోయి ఇటు బోర్లా పడుతుంది. అడుగు వెనక్కేసి, మౌస్ కుడి బటన్ నొక్కిపట్టి, ఎడమ బటన్‌తో తల మీద కొట్టండి. లేవబోతే స్పేస్‌బార్‌తో నెట్టి మళ్లీ పడేయండి. నాకు ఇది చేతికి రావడానికి వారం పట్టింది. వచ్చాక టెన్షన్ సగం తగ్గింది.

కరెంటు ఉన్న మొదటి రోజుల్లో ఇంట్లో కూర్చుని టీవీ చూడండి, తప్పులేదు. వంట, వడ్రంగం కార్యక్రమాలు చూస్తే మీ మనిషికి ఆ పనులు వస్తాయి. కర్టెన్లు మాత్రం వేసుకోండి.

కారు దగ్గరే నా పరువు పోయింది. మల్డ్రా అనే ఊళ్లో తాళంతో సహా ఒకటి దొరికింది. ఎన్ నొక్కాను, ఇంజిన్ లేచింది. ఆ చప్పుడు విని ప్రాణం లేచొచ్చింది. నాలుగు ఇళ్లు దాటానో లేదో, రోడ్డుకడ్డంగా ఒక జాంబీ. 32 ఏళ్ల అలవాటు కదా, ఆలోచించకుండా క్యూ నొక్కాను. హారన్! పండగపూట ఆఖరి బస్సుకు వచ్చినట్టు ఊరంతా కదిలొచ్చింది. మీరు పక్కనుంచి తప్పించుకుని పోండి. కారు దిగి నడిచేటప్పుడైతే అదే క్యూ కేక పెడుతుంది, దాని ఫలితమూ అదే.

చచ్చాక కొత్త ఆట మొదలెట్టక్కర్లేదు. అదే లోకంలోకి కొత్త మనిషితో దిగొచ్చు. నేనలా దిగి పాత ఇంటికి వెళ్తే, పెరట్లో నా చొక్కా, నా సంచి వేసుకుని జాంబీనై నేనే తిరుగుతున్నా. సుత్తి, మేకులు అన్నీ ఆ సంచిలోనే ఉన్నాయి. పెరటికి కంచె ఉంది.