దిస్ రాయాలా, దీజ్ రాయాలా: సమస్య - పరిష్కారం

ఒడిశాలోని పర్లాకిమిడిలో సాయంత్రం పూట నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే తప్పు. ఇక్కడి పిల్లలు నోట్‌బుక్‌ని ఖాతా అంటారు. ఆ ఖాతాల్లో నా ఎర్ర పెన్ను ఎక్కువగా సున్నా చుట్టేది నాలుగు చిన్న మాటలకే: దిస్, దీజ్, దట్, దోజ్.

సమస్య: "దిస్ బుక్స్", "దట్ ట్రీస్" అని రాస్తారు.

కారణం: తెలుగులో పుస్తకం ఒకటైనా పదైనా ముందున్న "ఈ" కదలదు. ఈ పుస్తకం, ఈ పుస్తకాలు. ఒడియాలోనూ అంతే: ఏహి బహి, ఏహి బహిగుడిక. బహువచనం బరువంతా వెనక మాటే మోస్తుంది. రెండు భాషలూ ఒకే అలవాటు చేశాక, "ఈ అంటే దిస్" అని పిల్లాడు బట్టీ పట్టడంలో వింతేముంది? మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు మరాఠీ బడికి వెళ్ళే మన పిల్లలకు ఈ బాధ కాస్త తక్కువ ఉండాలి. మరాఠీలో హే పుస్తక్, హీ పుస్తకే అంటూ ముందు మాట కూడా మారుతుంది.

పరిష్కారం: "ఈ", "ఆ" తీసేసి అదే వస్తువును ఇది, ఇవి, అది, అవి అని చెప్పించండి. "ఇది పుస్తకం" అంటే దిస్. "ఇవి పుస్తకాలు" అంటే దీజ్. దూరంగా ఉంటే అది దట్, అవి దోజ్. క్రియ కూడా దాంతోపాటే సర్దుకుంటుంది: దిస్ ఈజ్, దీజ్ ఆర్. ఇంత తేడా మన భాషలోనే ఉందని తెలిశాక పిల్లలకు సగం టెన్షన్ పోతుంది.

సమస్య: ఇది-ఇవి చూసుకుని మరీ "దీజ్ మిల్క్ ఆర్ హాట్" అని రాస్తారు.

కారణం: ఇదే అసలు చిక్కు. ఒకడిని అడిగితే, "ఇవి పాలు కదా సార్, ఇది పాలు అంటామా?" అన్నాడు. వాడి తెలుగులో తప్పేమీ లేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో వాడుక తెలుగును తప్పనే ధైర్యం నాకెక్కడిది! పాలు పొంగుతాయి, నీళ్ళు వస్తాయి, బియ్యం అయిపోతాయి, డబ్బులు సరిపోవు. మనకు ఇవన్నీ బహువచనాలే. ఇంగ్లిష్‌లో మిల్క్, వాటర్, రైస్, మనీ లెక్కపెట్టని మాటలు కాబట్టి ఏకవచనాలు.

పరిష్కారం: ముందు అంకె పెట్టి చూడండి. "రెండు పుస్తకాలు" అనగలం. "రెండు పాలు" అనలేం, మధ్యలో గ్లాసో లీటరో రావాలి. అలా కొలత అడిగే మాటకు దిస్, దట్ మాత్రమే. దిస్ మిల్క్ ఈజ్ హాట్. గ్లాసులనే లెక్కపెడితే దీజ్ గ్లాసెస్ ఆఫ్ మిల్క్. ఈ చిట్కా లగేజ్ దగ్గర పనిచేయదు. గుణుపూర్ రైలు దిగుతూ మనం "మూడు లగేజీలు" అనేస్తాం. ఇంగ్లిష్‌లో లగేజ్‌కి ఎస్ చేరదు. దిస్ లగేజ్, దిస్ ఫర్నిచర్, దిస్ ఇన్ఫర్మేషన్: ఈ మూడూ గుర్తుపెట్టుకోవాల్సిందే, వేరే దారి లేదు.

సమస్య: చివర ఎస్ ఉంటే బహువచనం, లేకపోతే ఏకవచనం అనుకుంటారు.

న్యూస్, మ్యాథమెటిక్స్ ఏకవచనాలు, కాబట్టి దిస్ న్యూస్. పీపుల్, చిల్డ్రన్ బహువచనాలు, కాబట్టి దోజ్ పీపుల్. కత్తెర మనకు ఒకటే, ఇంగ్లిష్‌కి దీజ్ సిజర్స్. ప్యాంటూ అంతే.

సమస్య: "దీజ్ ఆర్ మై గ్రాండ్‌మదర్."

కారణం: మర్యాద. ఇంటికి ఎవరో వస్తే ఏడో తరగతి పిల్ల వాళ్ళ మామ్మని ఇలా పరిచయం చేసింది. దిస్ అంటే "ఇది" కదా, మామ్మని "ఇది" అంటే ఇంట్లో ఊరుకుంటారా అని దాని భయం. "వీరు మా మామ్మ గారు" అనే మాటనే పాపం ఇంగ్లిష్‌లో పెట్టింది.

పరిష్కారం: ఒక మనిషిని పరిచయం చేసేటప్పుడు ఎంత పెద్దవారైనా దిస్ ఈజ్. అందులో అమర్యాద లేదు. ఇద్దరుంటేనే దీజ్ ఆర్: దీజ్ ఆర్ మై గ్రాండ్‌పేరెంట్స్.

సమస్య: "వన్ ఆఫ్ దీజ్ బుక్."

కారణం, వన్ కనబడగానే వెనక మాటను కూడా ఒకటి చేసేయడం. "ఈ పుస్తకాల్లో ఒకటి" అని తెలుగులో అనుకోండి, పుస్తకాలు కనబడతాయి: వన్ ఆఫ్ దీజ్ బుక్స్. క్రియ మాత్రం వన్‌కి చెందుతుంది, ఈజ్. దీనికి చుట్టమే "దీజ్ కైండ్ ఆఫ్ థింగ్స్". ఇంగ్లిష్ వాళ్ళూ మాటల్లో అంటారు గానీ పరీక్షలో మార్కు పోతుంది. దిస్ కైండ్ ఆఫ్ థింగ్, లేదంటే దీజ్ కైండ్స్ ఆఫ్ థింగ్స్.

సమస్య: రాత బాగానే ఉంటుంది, డిక్టేషన్‌లో మాత్రం దిస్, దీజ్ రెండూ కలిసిపోతాయి.

కారణం చెవిలో ఉంది. దీజ్ చివరి ధ్వని మన "జ" కాదు, "స" కూడా కాదు. అది ఈ పిల్లల నోటికి అలవాటు లేదు. అందుకే పిల్లలు దీస్ అంటారు, తొందరలో అదీ దిస్ అయిపోతుంది. గొంతు మీద వేలు పెట్టించి స్... అనమంటాను, వేలికి ఏమీ తెలియదు. అదే ధ్వనికి గొంతు కలపమంటే తుమ్మెదలా రొద చేస్తుంది, వేలు అదురుతుంది. అది దొరకడానికి రోజులు పడుతుంది. ఈలోగా దీర్ఘం పట్టుకోమంటాను: పొట్టిగా పలికితే ఒకటి, సాగదీస్తే ఎక్కువ.