ఇంగ్లీష్ మాట్లాడ్డం నేర్చుకోవాలి, డబ్బులు తక్కువున్నాయి: క్లాసు ఎలా ఎంచుకోవాలి?

ఒడిశాలోని మా రాయగడలో తెలుగువాళ్ళకి ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, రైల్లో రాయ్‌పూర్ వైపు వెళ్తే హిందీ, ఇలా మూడు భాషలు రోజూ నోట్లో నలుగుతూనే ఉంటాయి, ఇంగ్లీష్ దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతు పట్టేస్తుంది. అప్పుడు ఏటి చేస్తాం, ఎక్కడో ఒక చోట ఫీజు కట్టేస్తాం. నేనూ కట్టాను, అందుకే ముందే చెప్తున్నా, ఫీజు చూసి కాదు, మన నోరు ఎన్ని నిమిషాలు ఆడుతుందో చూసి క్లాసు ఎంచుకోండి.

ముందు ఆ లెక్క వెయ్యండి. నేను చేరిన కోచింగ్‌లో మూడు నెలలకి 6000, వారానికి మూడు క్లాసులు, అంటే మొత్తం 36, క్లాసుకి 166 రూపాయలు పడింది, చవకే అనిపించింది. కానీ బ్యాచ్‌లో 22 మంది. గంటలో సారు గ్రామర్ చెప్పగా మిగిలిన టైంలో నా వంతు వచ్చేది మహా అయితే రెండు నిమిషాలు, అంటే నేను మాట్లాడిన ఒక్కో నిమిషానికి 83 రూపాయలు! అదే ఆన్‌లైన్‌లో ఒక్కరికే చెప్పే టీచర్ 25 నిమిషాలకి 300 తీసుకున్నా, అందులో 15 నిమిషాలు మనమే మాట్లాడితే నిమిషానికి 20 పడుతుంది. చూడ్డానికి ఖరీదైనదే నిజానికి చవక. చేరే ముందు బ్యాచ్‌లో ఎంతమంది, ఒక్కొక్కరికి ఎంతసేపు మాట్లాడే ఛాన్స్ ఇస్తారు అని మొహమాటం లేకుండా అడగండి, వీలైతే ఒక క్లాసులో వెనక కూర్చుని చూసి అప్పుడు కట్టండి.

అలాగని రోజూ 300 మనవల్ల కాదు కదా. అందుకే డబ్బుల క్లాసు వారానికి ఒక్కటి చాలు, నెలకి 1200, మిగతా రోజులు ఫ్రీ ప్రాక్టీస్. వారమంతా నోరు మూసుకుని ఆదివారం గంట క్లాసు తీసుకుంటే మళ్ళీ మొదటికే వస్తాం, రోజూ పావుగంట మాట్లాడితేనే మాట తిరుగుతుంది.

దానికి ఒక జోడీ కావాలి. నాకు పక్కింటి ఒడియా అమ్మాయి దొరికింది, రాత్రి అన్నాలయ్యాక మేడ మీద 15 నిమిషాలు ఇంగ్లీష్ తప్ప వేరేది మాట్లాడకూడదని ఒప్పందం పెట్టుకున్నాం. మొదటి రోజే ఇవాళ ఏం కూర అని అడిగింది. పనసకాయ కూర. తెలుగులో పనస, ఒడియాలో కూడా పణసే, ఇద్దరికీ తెలుసు కానీ ఆ మాట వాడకూడదు, ఇంగ్లీష్‌లో ఏమంటారో గుర్తురాలేదు. "బిగ్ గ్రీన్ ఫ్రూట్, అవుట్‌సైడ్ రఫ్, వి పుట్ ఆయిల్ ఆన్ హ్యాండ్, దెన్ కట్" అని చేత్తో చూపిస్తూ చెప్పాను, తనకి అర్థమైపోయింది. జాక్‌ఫ్రూట్ అని తర్వాత చూసుకున్నాం, ఇప్పటిదాకా మర్చిపోలేదు. మాట తట్టనప్పుడు ఆగిపోకుండా చుట్టుతిప్పి చెప్పడం నాకు అలా వచ్చింది. జోడీ దొరక్కపోతే బీబీసీ వాళ్ళ సిక్స్ మినిట్ ఇంగ్లీష్ అనే ఆడియో కార్యక్రమం ఫ్రీయే, ఒక ముక్క విని ఆపి, విన్నది మీ మాటల్లో ఫోన్‌లో రికార్డ్ చెయ్యండి.

ఈ ప్రాక్టీస్‌లో ఎక్కడ తడబడ్డారో ఒక పుస్తకంలో రాసుకుని వారం చివర టీచర్ ముందు అవే పెట్టండి, లేకపోతే పరిచయాలకీ కబుర్లకీ సగం టైం పోతుంది.

ఆన్‌లైన్‌లో టీచర్ వేరే దేశంలో ఉంటే టైం కూడా చూసుకోండి. ఉదాహరణకి ఫిలిప్పీన్స్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, మనకి రాత్రి 9 అంటే వాళ్ళకి 11:30, అక్కడి టీచర్ కావాలంటే సాయంత్రమే పెట్టుకోవాలి. మాకు వానాకాలంలో కరెంటు, నెట్‌వర్క్ రెండూ నమ్మలేం, కాబట్టి క్లాసు ఎన్ని గంటల ముందు రద్దు చేస్తే డబ్బులు పోవో ముందే అడగండి, ఒకేసారి ఆరు నెలల ప్యాకేజీ మాత్రం కొనొద్దు, డిస్కౌంట్ ఎంతిచ్చినా సరే.

మొదటి రోజు రెండు నిమిషాలు మీ గురించి ఇంగ్లీష్‌లో చెప్పి రికార్డ్ చేసి దాచండి, నెలయ్యాక మళ్ళీ అదే చెప్పి రెండూ వినండి. తడబాట్లు తగ్గితే ఆ టీచర్‌నే కొనసాగించండి, తగ్గలేదంటే, రోజూ మాట్లాడుతూనే ఉన్నా తగ్గలేదంటే, టీచర్‌ని మార్చండి. మార్చేటప్పుడు యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఉంటుంది, పాతది అక్కడ ఆపెయ్యండి, లేకపోతే వచ్చే నెల కూడా కట్ అయిపోతుంది.