మాటల మెలకువలు – ఆరో పాఠం: సాంత్వన, దాని చుట్టాలు

పోయిన పాఠంలో నొప్పి, బాధ, వేదన, దుఃఖం మధ్య తేడాలు చూశాం. ఈసారి వాటిని చల్లార్చే మాటల సంగతి. పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. ఫోను పక్కన పెట్టి, కాగితం మీద చేత్తో 'సాంత్వన' అని రాయండి. పైన చూసి కాదు, ఆ మాటను చెవిలో వినిపించుకుని రాయండి.

'స్వాంతన' అని రాశారా? సిగ్గుపడనక్కర్లేదు. అచ్చయిన పుస్తకాల్లో, వార్తల శీర్షికల్లో, చివరికి సంతాప సందేశాల్లో కూడా ఈ తప్పు కనిపిస్తూనే ఉంటుంది. నేనూ రాశాను. ఒక స్మారక సంచికకు వ్యాసం పంపితే, దిద్దిన పెద్దాయన ఆ ఒక్క మాట చుట్టూ ఎర్ర సున్నా చుట్టి తిప్పి పంపారు. పక్కన ఒక్క అక్షరమైనా రాయలేదు. నాకేమో ఆ మాటలో తప్పేమిటో అర్థం కాలేదు. నిఘంటువు తీశాక గాని తెలియలేదు, 'స్వాంతన' అనే మాటే అందులో లేదని.

ఉన్నది 'స్వాంతం'. దానికి అర్థం మనసు. మనసుకు హాయినిచ్చేది కాబట్టి స్వాంతన అయి ఉంటుందని చెవి తనంతట తానే ఒక వ్యుత్పత్తి కల్పించుకుంటుంది. పైగా 'స్వాం' అని మొదలుపెట్టడం నాలుకకు సులువు. అసలు మాటకు మూలం సంస్కృతంలోని 'సాంత్వ' ధాతువు. మంచి మాటలతో ఎదుటివారిని శాంతపరచడం దాని అర్థం. సామ దాన భేద దండోపాయాలు అంటాం కదా, వాటిలో మొదటిదైన సామానికి 'సాంత్వం' అని మరో పేరు ఉంది. అంటే పుట్టుకతో ఇది నోటి మాటతో చేసే పని. ఇప్పుడు సంగీతం సాంత్వన ఇస్తుంది, ఏకాంతం సాంత్వన ఇస్తుంది అంటున్నాం. అర్థం అలా విస్తరించింది. దానితో నాకు పేచీ లేదు, నా పేచీ అంతా ఒత్తుతోనే.

గుర్తుంచుకోవడానికి ఒక కిటుకు: 'కవిత్వం'లో ఉన్న 'త్వ'యే 'సాంత్వన'లో ఉన్నదీ. వ ఒత్తు త కిందికే వెళ్లాలి, మొదటి అక్షరం కిందికి కాదు. పదిసార్లు రాస్తే చేతికి అలవాటవుతుంది. ఈ మాట వెంట నడిచే క్రియలు కూడా తక్కువే: సాంత్వన కలిగించు, చేకూర్చు, పొందు. 'సాంత్వన చేయు' అంటే వినడానికి ఏదో వైద్యం చేస్తున్నట్టు ఉంటుంది.

ఇక ఓదార్పు. ఇది మన ఇంటి మాట. ఓదారు అంటే తాను తేరుకోవడం, ఓదార్చు అంటే ఇతరులను తేరుకునేలా చేయడం. తీరు–తీర్చు–తీర్పు, మారు–మార్చు–మార్పు, చేరు–చేర్చు–చేర్పు. అదే అచ్చులో ఓదారు–ఓదార్చు–ఓదార్పు. ఈ వరుస పట్టుబడితే తెలుగు క్రియల్లో పెద్ద గంప చేతికొచ్చినట్టే. అందుకే వీటిని పైకి చదవమంటాను.

ఓదార్పుకు మనిషి కావాలి. మందుబిళ్ల ఓదార్చదు, కోర్టు తీర్పు ఓదార్చదు. ఒకరు వచ్చి, పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి మాట్లాడితే అది ఓదార్పు. 2010లో జగన్‌మోహన్ రెడ్డి, తన తండ్రి వైఎస్ రాజశేఖరరెడ్డి మరణం తట్టుకోలేక చనిపోయారని చెప్పిన వారి కుటుంబాలను కలవడానికి బయలుదేరినప్పుడు దానికి 'ఓదార్పు యాత్ర' అని పేరు పెట్టారు. రాజకీయం మాట ఎలా ఉన్నా, పదం ఎంపిక మాత్రం సరైనది. 'ఊరట యాత్ర' అని ఉంటే ఎవరో పన్ను తగ్గించడానికి వస్తున్నారేమో అనిపించేది.

ఎందుకంటే ఊరటకు మనిషి అక్కర్లేదు, పరిస్థితి మారితే చాలు. పాత గ్రంథాల్లో దీన్ని బండి 'ఱ'తో 'ఊఱట' అని రాసేవారు. ఊరడిల్లు అంటే తాను కుదుటపడడం, ఊరడించు అంటే ఇతరులను కుదుటపరచడం. క్రియగా వాడినప్పుడు ఊరడించు, ఓదార్చు ఇంచుమించు ఒకటే. ఏడుస్తున్న పిల్లను ఊరడించవచ్చు, ఓదార్చనూవచ్చు. నామవాచకం దగ్గరికి వచ్చేసరికి దారులు వేరయ్యాయి. 'హైకోర్టులో ఊరట', 'వేతన జీవులకు ఊరట', 'తుది మ్యాచ్‌లో ఊరట విజయం'... పత్రికల్లో రోజూ చూసేవే. భయపడినంత కీడు జరగకపోయినా ఊరటే. 'ప్రాణాపాయం లేదని వైద్యులు చెప్పడం కొంత ఊరట' అన్న వాక్యంలో బాధ పోలేదు, దాని బరువు కాస్త తగ్గింది. ఆ 'కొంత', 'కాస్త', 'ఒకింత' ఊరటకు తోబుట్టువుల వంటివి. 'పూర్తి ఊరట' అనడం అరుదు.

పోటీల్లో గెలవని వారికి ఇచ్చే చిన్న బహుమతిని మనం 'ఊరట బహుమతి' అనం, 'ప్రోత్సాహక బహుమతి' అంటాం. ఓడినవాడి కన్నీళ్లు తుడవడం కంటే మళ్లీ రమ్మని వెన్ను తట్టడం మర్యాద అనుకున్నారేమో మనవాళ్లు. నాకు ఈ పేరంటే ఇష్టం.

ఉపశమనం సంగతి త్వరగా తేల్చేద్దాం. శాంతికి మూలమైన 'శమ్' ధాతువే దీనికీ మూలం. ఒంటి బాధ, ఎండ, ఉక్క, దగ్గు, అప్పు వంటివి తగ్గుముఖం పట్టినప్పుడు వాడండి. ఉపశమనం అంటే నయం కావడం కాదు. నయం కాని జబ్బుతో ఉన్నవారి బాధ తగ్గించే వైద్యానికి 'ఉపశమన చికిత్స' అనే పేరు అందుకే వచ్చింది. 'జ్వరం ఉపశమించింది' అంటే తగ్గుముఖం పట్టిందని మాత్రమే.

బుజ్జగించడానికి ముందు ఎవరో ఒకరు అలగాలి. ఆ అలిగినవారు మూడేళ్ల పిల్ల కావచ్చు, టికెట్టు రాని నాయకుడు కావచ్చు. ఎన్నికల వేళ 'అసంతృప్తులకు బుజ్జగింపులు' అన్న శీర్షిక రాని రోజు ఉండదు. సముదాయించడానికి కోపమో గొడవో ఉండాలి. అనునయించడంలో బతిమాలడం కాస్త కలిసి ఉంటుంది. లాలించడానికి మాత్రం ఏ కారణమూ అక్కర్లేదు. పిల్లవాడు నవ్వుతున్నా లాలిస్తాం.

ఇవన్నీ రాతలో మాటలు. నోటితో మాట్లాడేటప్పుడు 'నాకు సాంత్వన కలిగింది' అని ఎవరైనా అన్నారా? మనసు కుదుటపడింది అంటాం. గుండె తేలికపడింది, ప్రాణం లేచివచ్చింది, ఇప్పుడు కాస్త నెమ్మదిగా ఉంది అంటాం. దూరాన ఉన్న కొడుకు క్షేమంగా ఉన్నాడన్న కబురు తెచ్చినవారితో తల్లి 'నా కడుపులో పాలు పోశావు నాయనా' అంటుంది. కథ రాస్తూ పాత్ర నోట 'ఉపశమనం' పలికించబోతున్నారంటే, ముందు ఆ పాత్ర వైద్యుడో కాదో చూసుకోండి.

ఇప్పుడు ఒక ఉత్తరాన్ని విప్పి చూద్దాం. అభ్యాసం కోసం నేనే అల్లినది, కానీ ఇలాంటివి మీకూ వచ్చే ఉంటాయి.

'మీ తండ్రిగారి మరణవార్త విని చింతిస్తున్నాను. మీ కుటుంబానికి ఉపశమనం లభించాలని కోరుకుంటున్నాను. ఈ లేఖ మీకు ఊరట కలిగిస్తుందని ఆశిస్తూ, మీకు స్వాంతన చేకూరాలని ప్రార్థిస్తున్నాను.'

రెండో వాక్యం దగ్గర ఆగండి. మరణం తర్వాత కుటుంబానికి ఉపశమనం! పెద్దాయన ఉన్నన్నాళ్లూ ఇంటిల్లిపాదీ పడలేక పడ్డారన్న అర్థం వస్తుంది. రాసినవారి ఉద్దేశం అది కాదు, కానీ చదివేవారికి అలాగే తగులుతుంది. మూడో వాక్యంలోని ఊరటకు వ్యాకరణం అడ్డురాదు, వినయం అడ్డొస్తుంది. నా లేఖతో మీ దుఃఖం తగ్గుతుందని మనమే చెప్పుకోకూడదు, అది అందుకున్నవారు అనాల్సిన మాట. చివర స్వాంతన గురించి ఇక చెప్పను.

నేనైతే ఇలా మారుస్తాను:

'నాన్నగారు పోయారని నిన్న తెలిసింది. మిమ్మల్ని ఎలా ఓదార్చాలో తెలియడం లేదు. పోయినసారి మీ ఇంటికి వచ్చినప్పుడు ఆయన చేతికర్ర ఊతంతో గేటు దాకా వచ్చి సాగనంపారు. నేను మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డారు. ఆదివారం వస్తాను.'

ఉపశమనం, ఊరట, సాంత్వన మూడూ పోయాయి. ఓదార్పు ఒక్కటి క్రియగా మిగిలింది, అదీ చేతకావడం లేదన్న ఒప్పుకోలుగా. గేటు, చేతికర్ర, ఆదివారం కొత్తగా వచ్చాయి.

ఈ వారం అభ్యాసం. కింది ఖాళీల్లో ఓదార్పు, ఊరట, ఉపశమనం, సాంత్వన, బుజ్జగింపు నుంచి తగినది పెట్టండి. ఒక ఖాళీకి రెండు సరిపోతాయి, అది ఏదో, ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి.

'పరీక్ష వాయిదా పడడంతో విద్యార్థులకు కొంత ______ లభించింది.'
'వేడినీటి కాపడంతో మోకాలి నొప్పికి ______ దొరికింది.'
'మాట్లాడనని గదిలో తలుపు వేసుకున్న చెల్లెలి దగ్గర అన్నయ్య ______ మొదలైంది.'
'రాత్రివేళ ఆ పాత పాట వింటే మనసుకు ఏదో ______.'
'కొడుకును పోగొట్టుకున్న ఆమెకు పొరుగింటి ముసలమ్మ ______ ఒక్కటే ఆసరా అయింది.'

ఇది కాక, మీరు ఎవరికైనా పంపిన పాత సంతాప సందేశం ఫోనులో ఉంటే బయటికి తీసి, పై ఉత్తరాన్ని విప్పినట్టే విప్పండి. నాది నేను తీశాను. అందులో 'తీరని లోటు' రెండుసార్లు ఉంది. దాని గురించి ఏడో పాఠంలో.