బెజవాడ మైదానం నుంచి హిమానీనదాల దారికి: ఎత్తు లెక్కతో ప్రయాణం

విజయవాడ, గుంటూరు సముద్రమట్టానికి ముప్పై మీటర్లకు అటూ ఇటూగా ఉన్న ఊళ్ళు. ఇక్కడ పుట్టి పెరిగిన మనకు ప్రయాణమంటే కిలోమీటర్ల లెక్క. హైదరాబాదు 275 కిలోమీటర్లు, పొద్దున్నే టిఫిన్ చేసి బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి అందుకుంటాం అని చెప్పుకుంటాం. లద్దాఖ్‌కో, హిమాచల్‌లోని స్పితి లోయకో, గంగోత్రికో ప్రయాణం వేసుకునేటప్పుడు మనల్ని మొదట దెబ్బతీసేది ఈ అలవాటే. కాగితం మీద ముందుగా రాసుకోవలసింది ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటామన్న సంఖ్య. ఊర్లు, దూరాలు, చూడవలసిన చోట్లు ఆ సంఖ్యల చుట్టూ తరువాత అమర్చుకోవాలి.

ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. మొదటిసారి వెళ్ళినప్పుడు 2,050 మీటర్ల ఎత్తున ఉన్న మనాలీలో ఉదయం బయలుదేరి, 4,890 మీటర్ల బారాలాచా కనుమ దాటి, ఆ రాత్రి సుమారు 4,290 మీటర్ల సర్చూలో గుడారంలో పడుకున్నాం. మ్యాపులో చూస్తే అది 220 కిలోమీటర్ల సుళువైన దారి. తెల్లవార్లూ తలనొప్పితో, వాంతులతో కూర్చున్న నలుగురిలో ఒక్కరికీ అది ఎత్తు చేసిన పని అని తట్టలేదు. దారిలో తిన్న పరాటాల మీదకు నెట్టేశాం.

లద్దాఖ్‌లోని ముఖ్య పట్టణం లేహ్ ఉన్న 3,500 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి మన ఊళ్ళో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే ఉంటుంది. గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు కాని, ఒత్తిడి తగ్గడం వల్ల ఒక్కో శ్వాసతో లోపలికి వెళ్ళే ప్రాణవాయువు తగ్గుతుంది. శరీరం దీనికి సర్దుకోగలదు, అయితే దానికి రోజులు పడుతుంది. పర్వత వైద్యులు సూచించే నియమం ఏమిటంటే, 3,000 మీటర్లు దాటిన తరువాత ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ మధ్య పడక ఎత్తును 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి. పగటిపూట దానికంటే పైకి వెళ్ళి, సాయంత్రానికి దిగి వచ్చి పడుకోవడంలో తప్పు లేదు. అది మేలే చేస్తుంది.

ఈ నియమాన్ని స్పితికి అన్వయించి చూద్దాం, ఎందుకంటే మొదటిసారి వెళ్ళే మైదానవాసులకు నేను సూచించే దారి అదే. విజయవాడ నుంచి ఢిల్లీకి రైలులో ఒక రోజుకు పైగా పడుతుంది. అక్కడి నుంచి సిమ్లా చేరి, 2,200 మీటర్ల దగ్గర మొదటి రాత్రి గడపాలి. తరువాత కిన్నౌర్ మీదుగా, మధ్యలో సరాహన్ వంటి చోట ఆగి, 2,960 మీటర్ల కల్పాలో రెండు రాత్రులు ఉండాలి. ఆ పైన 3,280 మీటర్ల తాబోలో ఒక రాత్రి, క్రీ.శ. 996లో స్థాపించిన బౌద్ధ విహారం అక్కడే ఉంది, కనుక ఆ మజిలీ వృథా అనిపించదు. తరువాత సుమారు 3,650 మీటర్ల కాజాలో కనీసం రెండు రాత్రులు ఉండి, పగటిపూట కిబ్బర్, లాంగ్జా, హిక్కిం వంటి నాలుగు వేల మీటర్లు దాటిన గ్రామాలు చూసి, చీకటి పడేలోగా దిగి రావాలి. ఇదంతా అయ్యాకే లోసర్‌లో ఒక రాత్రి ఆగి, కుంజుమ్ కనుమ దాటి, 4,250 మీటర్ల పైనున్న చంద్రతాల్ సరస్సు దగ్గరకు వెళ్ళాలి. అక్కడి నుంచి మనాలీ వైపు దిగేటప్పుడు 2020 అక్టోబరులో తెరిచిన, 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం వల్ల రోహ్‌తాంగ్ కనుమ ఎక్కవలసిన అవసరం లేదు.

ఇదే వలయాన్ని తిరగేసి మనాలీ నుంచి మొదలుపెడితే మొదటి రోజే కుంజుమ్ ఎక్కి కాజాలో పడుకోవలసి వస్తుంది. నాలుగు రోజులు కలిసివస్తాయని చాలామంది అలాగే వెళతారు. ఆ కలిసివచ్చిన రోజుల్లో రెండు మంచం మీదే పోతాయి. విమానంలో నేరుగా లేహ్‌లో దిగేవారు మొదటి రెండు రోజులు బజారులో నెమ్మదిగా నడవడం తప్ప మరే కార్యక్రమమూ పెట్టుకోకూడదు.

ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వాడే అసిటజోలమైడ్ మాత్ర గురించి అందరూ అడుగుతారు. ముందు జాగ్రత్తగా 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి వాడడం సాధారణ పద్ధతి. అయితే సల్ఫా మందులు పడనివారూ, మూత్రపిండాల సమస్య ఉన్నవారూ వైద్యుణ్ణి అడగకుండా దాన్ని ముట్టకూడదు. మాత్ర వేసుకున్నాం కదా అని రోజులు కుదించుకోవడం మరీ తప్పు. మద్యం, నిద్రమాత్రలు ఆ రాత్రుల్లో పనికిరావు.

ఎప్పుడు వెళ్ళాలి అన్నది మన వేసవి సెలవులను బట్టి నిర్ణయమయ్యే విషయం కాదు. మే నెలలో పిల్లలకు సెలవులే కాని, కుంజుమ్ కనుమ దారి అప్పటికి మంచు తొలగక మూసి ఉండే అవకాశమే ఎక్కువ. జూలై, ఆగస్టుల్లో లద్దాఖ్‌లో, స్పితిలో వానలు తక్కువే గాని, అక్కడికి చేర్చే హిమాచల్ దారుల మీద కొండచరియలు విరిగిపడతాయి. సెప్టెంబరు రెండో వారం నుంచి దసరా సెలవుల వరకు ఉన్న కాలం అన్నిటికంటే నమ్మదగినది. గంగోత్రి ఆలయం అక్షయ తృతీయకు తెరిచి దీపావళికి మూస్తారు కనుక దసరాకు, గంగ పుట్టే చోటైన గోముఖ్ ప్రయాణం కూడా కుదురుతుంది.

ఇంటి దగ్గర చేసుకోవలసిన సాధన

నాలుగు వేల మీటర్ల ఎత్తును విజయవాడలో సాధన చేయలేం, కాళ్ళను మాత్రం సిద్ధం చేసుకోవచ్చు. బయలుదేరడానికి రెండు నెలల ముందు నుంచి వారానికి మూడు రోజులు తెల్లవారుజామునే మంగళగిరి కొండ మెట్లు ఎక్కి దిగడం, ఆదివారాలు కొండవీడు కోట కొండ మీదికి నడవడం సరిపోతుంది. మొదట ఖాళీగా, తరువాత ఆరేడు కిలోల బరువుతో, చివరకు మీరు నిజంగా మోయబోయే సంచితో ఎక్కాలి. బరువు కోసం నీళ్ళ సీసాలు నింపుకొని వెళ్ళి, పైన పారబోసి దిగితే మోకాళ్ళకు శ్రమ తగ్గుతుంది. పైన పానకాల స్వామి ఉన్నాడు కనుక దిగేటప్పుడు దాహానికి లోటుండదు. సంచి మొత్తం బరువు మీ బరువులో ఐదో వంతు దాటకూడదు, ఆ బరువు భుజాల మీద కాక నడుము పట్టీ ద్వారా తుంటి ఎముకల మీద కూర్చోవాలి. సంచి కొనేముందు అంగట్లోనే బరువు వేయించుకొని పది నిమిషాలు నడిచి చూడండి.

గుంటూరు చుట్టుపక్కల వాళ్ళకు పత్తి మీద ఉన్న మమకారాన్ని ఈ ఒక్క ప్రయాణానికి పక్కన పెట్టాలి. నూలు బట్ట చెమటను పీల్చి తడిగా అంటిపెట్టుకుంటుంది. మన ఎండలో అది చల్లదనం, అక్కడి గాలిలో ఒంటి వేడిని లాగేసే ప్రమాదం. ఒంటికి ఆనుకొని పాలియెస్టర్ లేదా ఉన్ని బనియను, దాని మీద ఫ్లీసు లేదా స్వెట్టరు, పైన గాలినీ వాననూ ఆపే జాకెట్ వేసుకోవాలి. ఎక్కేటప్పుడు ఒకటి విప్పి, ఆగగానే తొడుక్కోవాలి. రాత్రి పడుకోవడానికి ఒక జత పొడి మేజోళ్ళను విడిగా ప్లాస్టిక్ సంచిలో దాచుకోండి. నల్లకళ్ళద్దాలు అలంకారం అనుకోవద్దు. కొత్త మంచు తన మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో ఎక్కువ భాగాన్ని తిప్పి మొహం మీదకే కొడుతుంది, ఒక్క పూటలో కళ్ళు మండి చూపు ఆనకుండా పోతుంది.

తిండి విషయంలో మనవాళ్ళు కందిపప్పు, సన్నబియ్యం మూట కట్టుకొని బయలుదేరతారు. నాలుగు వేల మీటర్ల దగ్గర నీళ్ళు సుమారు 87 డిగ్రీలకే మరుగుతాయి, కాబట్టి మామూలు గిన్నెలో పప్పు ఎంతసేపటికీ ఉడకదు. చిన్న ప్రెషర్ కుక్కరైనా ఉండాలి, లేదా అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ, వేరుశనగ అచ్చులు, కందిపొడి వంటివి తీసుకెళ్ళాలి. పచ్చడి సీసా మూత గట్టిగా బిగించి, సంచిలో నిలువుగా పెట్టండి. ఎత్తుకు వెళ్ళేకొద్దీ మూసిన పొట్లాలన్నీ ఉబ్బుతాయి, షాంపూ పొట్లాలు పగులుతాయి. తాగే నీటిని మూడు నిమిషాలపాటు మరిగించాలి. హిమానీనదం కరిగి వచ్చే నీరు వరదనాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కనిపించే నీటిలా మడ్డిగా ఉంటుంది. అది మంచు కింద నలిగిన రాతి పిండి. కాసేపు తేరనిచ్చి, బట్టలో వడగట్టి, ఆ తరువాత మరిగించాలి.

వాహనం, వాగులు, గడియారం

విజయవాడ నుంచి సొంత కారులో మనాలీ వరకు వెళ్ళి రావడానికి రెండువైపులా కలిపి ఏడెనిమిది రోజులు పోతాయి. మూడు వారాల సెలవు లేనివారు రైలులో వెళ్ళి, అక్కడ కొండదారి తెలిసిన డ్రైవరుతో బండి మాట్లాడుకోవడం మంచిది. సొంత బండే తీసుకెళ్ళేవారు ముందుగా రేడియేటరు చూపించుకోవాలి. మన వేడికి చాలామంది అందులో ఉత్త నీళ్ళు పోసి నడిపేస్తారు. అక్కడ రాత్రి సున్నా కిందికి పడితే ఆ నీరు గడ్డకట్టి ఇంజిను బ్లాకునే పగులగొడుతుంది. సరైన పాళ్ళలో కూలెంట్ పోయించాలి. లేహ్ దారిలో లాహౌల్ లోని టండి దగ్గర ట్యాంకు నిండుగా నింపుకోవాలి. తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని అక్కడి బోర్డు ఏళ్ళ తరబడి హెచ్చరిస్తూ వచ్చింది.

కొండ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి, బ్రేకు మీదే కాలు ఉంచితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. ఇరుకు దారిలో పైకి ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది నియమం. మన ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. అదీ పనిచేయని లోయలు చాలా ఉంటాయి గనుక రోజువారీ మజిలీల కాగితం ఇంట్లో ఒకటి ఇచ్చి వెళ్ళాలి.

హిమానీనదాల ప్రాంతంలో రోజును నడిపేది కరిగే మంచు. ఎండ ఎక్కేకొద్దీ మంచు కరిగి, ఆ నీరు వాగుల్లోకి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పొద్దున ఏడింటికి మడమ లోతున్న వాగు సాయంత్రం నాలుగింటికి నడుము లోతు కావచ్చు. రాత్రి గడ్డకట్టిన మంచు పట్టి ఉంచిన రాళ్ళు కూడా ఎండ తగిలాకే జారడం మొదలుపెడతాయి. అందుచేత చంద్రతాల్ నుంచి మనాలీ వైపు వచ్చే దారిలో బాతల్, గ్రాంఫూల మధ్యనున్న వాగుల వంటి వాటిని ఉదయమే దాటేలా బయలుదేరాలి, మధ్యాహ్నం రెండు గంటలకల్లా మజిలీ చేరాలి. అలాగని మరీ చీకటితో బయలుదేరితే రోడ్డు మీద పేరుకున్న పలుచని గాజు మంచు కనబడదు. వాగు దగ్గర ముందు దిగి చూడాలి, వీలైతే మరో బండి దాటేదాకా ఆగాలి, ఆపైన మొదటి గేరులో ఒకే వేగంతో, మధ్యలో ఆగకుండా దాటాలి. నడిచి దాటేవారు సంచి నడుము పట్టీ విప్పుకోవాలి, బూట్లు విప్పకూడదు, వాగు వెడల్పై పాయలుగా చీలిన చోటును ఎంచుకోవాలి. మోకాలు దాటిన ప్రవాహంలో దిగకుండా మరునాటి ఉదయం దాకా వేచి ఉండాలి. గుడారం వాగు నోటి దగ్గర చదునుగా ఉన్న మేట మీద వేయకూడదు. 2025 ఆగస్టు 5న గంగోత్రి దారిలోని ధరాలీని ముంచిన వరద అటువంటి చోటికే వచ్చింది.

మంచు మీద అడుగు పెట్టే ముందు

హిమానీనదాన్ని చూడటానికి దాని మీదికి ఎక్కవలసిన పని లేదు. కార్గిల్ నుంచి పదుమ్ వెళ్ళే దారిలో, పెన్సీ లా కనుమ దగ్గర, ద్రాంగ్ ద్రుంగ్ హిమానీనదం రోడ్డు మీది నుంచే కనిపిస్తుంది. గోముఖ్‌కు గంగోత్రి నుంచి 18 కిలోమీటర్ల కాలిబాట ఉంది. రోజుకు 150 మందికే అనుమతి కనుక అటవీశాఖ పత్రం ముందే తీసుకోవాలి. గంగోత్రిలో రెండు రాత్రులు ఉండి, దారిలోని మజిలీ భోజ్‌బాసాలో పడుకొని, ఉదయాన్నే గోముఖ్ చూసి వెనుదిరగాలి. గంగ పుట్టే ఆ మంచు గుహ కిందికి వెళ్ళి నీళ్ళు పట్టుకోవాలని యాత్రికులకు ఉంటుంది. పైనుంచి గదులంత మంచు పెళ్ళలు హెచ్చరిక లేకుండా విరిగిపడే చోటు అది. కాస్త దిగువన పట్టుకున్న నీరూ గంగే.

తాజా మంచు కప్పిన హిమానీనదం మీద పగుళ్ళు కంటికి ఆనవు. తాడుతో ఒకరినొకరు కట్టుకొని, పడినవారిని పైకి లాగడం నేర్చిన బృందానికే అక్కడ నడిచే అర్హత ఉంది. నేర్చుకోవాలనుకునేవారు 1965లో ఉత్తరకాశీలో స్థాపించిన నెహ్రూ పర్వతారోహణ సంస్థ వంటి చోట ప్రాథమిక శిక్షణ తీసుకోవాలి. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలెక్కిన నెల్లూరు జిల్లా వాసి మల్లి మస్తాన్‌బాబు 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ ప్రాణాలు కోల్పోయారు. అంతటి అనుభవం లేనివారు ఒంటరిగా వెళ్ళాలన్న ఆలోచన మానుకోవాలి.

చివరగా, దిగిపోవలసిన సందర్భాన్ని ఇంటి దగ్గరే తోటివారితో మాట్లాడుకోండి. తలనొప్పి, వికారం మాత్రమే ఉంటే పైకి వెళ్ళడం ఆపి, తగ్గేదాకా అక్కడే ఉండవచ్చు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గులో గులాబీరంగు నురగ కనిపించినా, మాట తడబడినా, మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడవమంటే తూలినా, తెల్లవారేదాకా ఆగకూడదు. ఆక్సిజన్ సిలిండరు ఉంటే అది దిగే దారిలో వాడుకోవడానికే. ఇందుకోసమే ప్రతి సాయంత్రం బండిని దిగే దారి వైపు ముఖం తిప్పి నిలపాలి, ట్యాంకు సగం కంటే తగ్గకుండా చూసుకోవాలి, తాళం ఎక్కడుందో బృందంలో ఇద్దరికైనా తెలిసి ఉండాలి.