చిట్టి యుద్ధవిమానానికి రంగులు – ఐదవ పాఠం: కోర్సెయిర్ మీద వాడకపు జాడలు

గత పాఠం ముగిసేసరికి మీ 1/48 స్కేలు (అసలులో 48వ వంతు) ఎఫ్4యూ-1 కోర్సెయిర్, అంటే రెండవ ప్రపంచయుద్ధపు అమెరికన్ యుద్ధవిమానం మోడల్, పైభాగం ముదురు సముద్రనీలంలోనూ, పక్కలు మధ్యస్థ నీలంలోనూ, అడుగు తెలుపులోనూ సిద్ధమై ఉండాలి. ప్రస్తుతం అది కర్మాగారం నుంచి ఆ క్షణమే బయటికి వచ్చినట్టు కనిపిస్తుంది. 1943లో పసిఫిక్ సముద్రంలోని సోలమన్ దీవులలో పనిచేసిన కోర్సెయిర్లు అలా ఉండేవి కావు. మండే ఎండ, ఉప్పుగాలి, పగడపు రాతిని నలగ్గొట్టి పరచిన రన్‌వేల తెల్లని దుమ్ము వాటి రంగును కొద్ది వారాలలోనే మార్చివేసేవి. ఆ మార్పును చూపడమే వెదరింగ్. దీనికి నేను పాటించే నియమం ఒక్కటే: కారణం చెప్పలేని మరకను మోడల్ మీద వేయకూడదు.

ముందుగా రంగు ఊడిన మచ్చలు చేయాలి. రంగు ఎక్కడ ఊడుతుంది? మెకానిక్కుల బూట్లు రాసుకునే రెక్క మొదట్లో, తరచూ విప్పి బిగించే ఇంజన్ మూతల అంచుల్లో, ఇసుకరేణువులు వచ్చి కొట్టే రెక్క ముందంచులో. ఊడిన చోట ఏమి కనిపిస్తుందన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్న. పైరంగు మాత్రమే పోతే దాని కింద తొలిపూతగా వేసిన జింక్ క్రోమేట్ ప్రైమర్ పసుపుపచ్చగా బయటపడుతుంది. అది కూడా పోతే అల్యూమినియం రేకు కనిపిస్తుంది. అల్యూమినియం తుప్పు పట్టదు కనుక రెక్కల మీద గోధుమరంగు తుప్పు చుక్కలు పెట్టడం, ఎంత అందంగా పెట్టినా, తప్పే.

కోర్సెయిర్‌లో ఇంకొక మెలిక ఉంది. దాని రెక్కను పైకి మడిచే చోటు దాటిన తరువాత, ప్రధాన దూలానికి వెనుకనున్న భాగమంతా లోహం కాదు, గుడ్డ కప్పినది. ఎయిలరాన్లు (రెక్క వెనుక అంచున కదిలే పలకలు) చెక్కతో చేసినవి. తోకలో కదిలే పలకలైన రడ్డర్, ఎలివేటర్లు కూడా గుడ్డ కప్పినవే. గుడ్డ కింద వెండిరంగు రేకు ఉండదు. నా మొదటి కోర్సెయిర్‌కు రెక్క చివరి దాకా వెండి మచ్చలు ఉత్సాహంగా పెట్టి, నెల రోజులు గర్వంగా చూసుకున్న తరువాత గానీ ఆ సంగతి నాకు తెలియలేదు. కాబట్టి బ్రష్ ముంచక ముందే, లోహం కాని భాగాలను మాస్కింగ్ టేపుతో కప్పివేయండి.

మచ్చ పరిమాణాన్ని లెక్క వేసి నిర్ణయించాలి. ఈ స్కేలులో మోడల్ మీద ఒక మిల్లీమీటరు మచ్చ అసలు విమానం మీద 48 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఐదు సెంటీమీటర్లు. అలాంటి మచ్చలు ఒక రెక్క మీద యాభై ఉంటే విమానం బొబ్బలు ఎక్కినట్టు కనిపిస్తుంది. చాలా మచ్చలు సూదిమొనంత ఉంటే చాలు.

మూడవ పాఠంలో అల్యూమినియం రంగు లాకర్ (త్వరగా ఆరే గట్టి పూత) మీద హెయిర్‌స్ప్రే పొర వేసి, దాని మీద అక్రిలిక్ నీలం వేయమన్నది ఈ పని కోసమే. రెక్క మొదటి భాగాన్ని తడి బ్రష్‌తో తడిపి ఒక నిమిషం ఆగండి. నీరు లోపలికి ఇంకి హెయిర్‌స్ప్రే కరిగిన తరువాత, పొట్టి వెంట్రుకల గట్టి బ్రష్‌తో మెల్లగా రుద్దితే నీలం చిన్న చిన్న పెచ్చులుగా లేస్తుంది. రంగు వేసి చాలా రోజులైతే అది నీటికి సులభంగా లొంగదు. అప్పుడు స్పాంజ్ ముక్కకు టామియా కంపెనీ ఎక్స్‌ఎఫ్-16 అల్యూమినియం రంగు అద్ది, కాగితం మీద దాదాపు అంతా తుడిచివేసి, మిగిలిన తడితోనే అంచులను తాకించండి. మూతల మరల చుట్టూ పదునైన వెండి పెన్సిల్ చాలు.

తరువాత గ్లాస్ (మెరిసే) వార్నిష్, డెకాల్స్ (నీటిలో నాన్చి అతికించే గుర్తుల బొమ్మలు). వీటి గురించి కొత్తగా చెప్పవలసినది లేదు. ఒక రోజు ఆరనిచ్చి వాష్, అంటే గీతలలో నిలిచే పలుచని రంగు, మొదలుపెట్టండి. చిత్రకారుల ఆయిల్ రంగును వైట్ స్పిరిట్ అనే పెట్రోలియం ద్రావకంలో బాగా పలుచన చేసి ప్యానెల్ గీతలలోకి, అంటే రేకుల అతుకులను చూపే సన్నని గాళ్లలోకి, వదిలితే అది తనంతట తానే పాకుతుంది. వైట్ స్పిరిట్ ఆరిన అక్రిలిక్‌ను కరిగించదు. ఈ క్రమానికి ఆధారం అదే. అక్రిలిక్‌కు బదులు వైట్ స్పిరిట్‌కు కరిగే ఎనామెల్ వేసినవారికి ఆ భద్రత ఉండదు. నీలం మీద నలుపు కలిపిన ముదురు గోధుమ వాష్ వాడండి. తెల్లని అడుగున మాత్రం లేత బూడిద రంగు వాడాలి, లేకపోతే గీతలు సిరాతో గీసినట్టు అరుస్తాయి.

గ్లాస్‌ను మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్‌తో కప్పిన తరువాత ఎండకు వెలిసిన రూపం. తెలుపు, లేత నీలం ఆయిల్ రంగులను ముందుగా అట్ట మీద అరగంట ఉంచితే అందులోని నూనెను అట్ట పీల్చుకుంటుంది. పైభాగాలలో ఒక్కొక్క ప్యానెల్‌కు రెండు మూడు చుక్కలు పెట్టి, వైట్ స్పిరిట్‌తో కాస్త తడిపిన బ్రష్‌తో గాలి వీచే దిశలో, అంటే ముందు నుంచి వెనుకకు, దాదాపు మాయమయ్యేదాకా లాగండి. పక్కపక్క ప్యానెళ్లు ఒకేలా వెలవకుండా చూసుకోవాలి.

పొగ మరకలు చివరి పని. ఇంజన్ పొగగొట్టాలు అడుగున ఇరువైపులా తెరుచుకుంటాయి కనుక మసి పొట్ట మీదుగా వెనుకకు పారుతుంది. టామియా ఎక్స్‌ఎఫ్-1 నలుపు, ఎక్స్‌ఎఫ్-64 ఎర్రగోధుమ కలిపి, తొమ్మిది పాళ్లు థిన్నర్‌కు ఒక పాలు రంగు చొప్పున, ఎయిర్‌బ్రష్‌తో తక్కువ పీడనంలో అనేక పొరలుగా వేయండి. మొదటి రెండు పొరలు కనిపించకపోయినా తొందరపడి రంగు పెంచకండి. ఈ పనంతా కిటికీలు తెరిచి, మాస్కు పెట్టుకునే చేయాలి.

చాలామంది మరిచిపోయే ఒక జాడ ఉంది. కాక్‌పిట్ ముందున్న 237 గ్యాలన్ల ఇంధన ట్యాంకు నుంచి కారిన పెట్రోలు అద్దాన్ని మసకబార్చకుండా, సిబ్బంది ట్యాంకు చుట్టూ ఉన్న కీళ్ల మీద తెల్లని టేపు అతికించేవారు. ఒక మిల్లీమీటరు వెడల్పు తెల్లని డెకాల్ పట్టీలతో దానిని చూపవచ్చు. వాటిని మరీ శుభ్రంగా వదలక, అంచుల వెంట పలుచని బూడిద వాష్ తగిలించండి.

ఆరవ పాఠంలో టైర్లకు, చక్రాల కాళ్లకు పగడపు దుమ్ము పట్టించే పొడి రంగుల సంగతి చూద్దాం. దానికి ముందు ఈ మోడల్‌ను రెండు రోజులు మూత పెట్టిన పెట్టెలో ఆరనివ్వండి.