ఇంట్లో స్కిజోఫ్రెనియా: పాఠం 4 - చెప్పని నొప్పిని కనిపెట్టడం

స్కిజోఫ్రెనియా (భ్రమలు, లేని మాటలు వినిపించడం ఉండే మానసిక జబ్బు) ఉన్నవారు నొప్పిని తక్కువగా బయటపెడతారని పోయిన పాఠంలో చెప్పాను. అది చదివి చాలామంది "అయితే మావాడికి నొప్పే తెలియదన్నమాట" అనుకున్నారు. ఒకరైతే పంటి డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేశారట. అది విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అందుకే మందుల వేళల పాఠం పక్కనపెట్టి, మళ్లీ ఇదే చెబుతున్నాను.

దెబ్బ తగిలిన కబురు నరాల వెంట వెళ్లడం ఒకటి, మెదడు దాన్ని బాధగా పట్టించుకోవడం ఇంకొకటి. 1994లో ఫ్రాన్స్‌లో చీలమండ దగ్గరి నరానికి కరెంటు తగిలించి, తొడ కండరం ఎప్పుడు ముడుచుకుంటుందో కొలిచారు. స్కిజోఫ్రెనియా ఉన్నవారికీ లేనివారికీ తేడా కనబడలేదు. అంటే కబురు వెన్నుపాము దాకా మామూలుగానే వెళుతోంది. 2010లో మెక్సికో పరిశోధకులు మందులు వాడని రోగులకు వేడి తగిలిస్తూ మెదడు స్కాన్ తీశారు. అక్కడ ఇన్సులా అనే మెదడు భాగం తక్కువగా స్పందించింది. ఒంట్లో జరిగేదాన్ని "ఇది నా బాధ" అనిపించడంలో ఆ భాగానిది పెద్ద పాత్ర. కాబట్టి తప్పంతా మాత్రలదే అనకండి. ఈ మందులు రాకముందే, ఈ జబ్బును మొదట్లో వర్ణించిన మానసిక వైద్యులు క్రెపెలిన్, బ్లాయిలర్ నొప్పి పట్టించుకోకపోవడాన్ని గమనించారు.

ఇక అందరూ పడే గొయ్యి: "నొప్పిగా ఉందా?" అని అడగడం. దయచేసి ఈ ప్రశ్నతో ఆగిపోకండి. స్కిజోఫ్రెనియా ఉన్న మా చిన్నాన్న పాదం వాచిపోయినా మూడు రోజులు పాల ప్యాకెట్‌కి వెళ్లొచ్చాడు.

"నొప్పా చిన్నాన్నా?"

"లేదురా."

"మరి కుంటుతున్నావేం?"

"చెప్పు పట్టట్లేదు."

ఎక్స్‌రేలో ఎముక విరిగి ఉంది. ఆయన అబద్ధం చెప్పలేదు, నేనే తప్పు ప్రశ్న అడిగాను. ఏం చేయలేకపోతున్నారో అడగండి. ఒకవైపే నములుతున్నారా? పడుకునే పక్క మారిందా? "కడుపులో పాము తిరుగుతోంది" అంటే భ్రమేనని కొట్టిపారేయకండి, ముందు పొట్ట చూపించండి. ఈ జబ్బుకు ఇచ్చే క్లోజపిన్ అనే మందు వాడేవారిలో మలబద్ధకం ముదిరి పేగు మూసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది. విరేచనం ఆగి, పొట్ట ఉబ్బి, వాంతులైతే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. "ఈయన నొప్పి బయటికి చెప్పరు" అని డాక్టర్‌కు ముందే చెప్పండి.

అభ్యాసం: పద్నాలుగు రోజులు, రోజూ. వారి అనుమతితో అరికాళ్లు, చేతులు చూడండి. తిండి, నిద్ర, నడక, విరేచనం నోటుబుక్కులో రాయండి. "నొప్పి" అనే మాట వాడకుండా రోజుకు మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు వారి మాటల్లోనే రాసుకోండి.