బరువుల చక్రం ఆగిపోతోందా? బేరింగ్ విప్పకముందే దారం ముక్క తీసుకోండి

సైన్స్ ఫెయిర్ రోజులు వస్తే చాలు, సైకిల్ రిమ్ముకు కీళ్లతో కడ్డీలు, కడ్డీల చివర బరువులు బిగించి, మోటారు లేకుండా ఎప్పటికీ దానంతట అదే తిరగాలని చేసిన చక్రం ఒకటి నా బల్ల మీదకి వస్తుంది. దాంతో వచ్చే మాటా ఒకటే: "బేరింగ్ కొంచెం టైట్‌గా ఉన్నట్టుంది సార్, అది చూస్తే ఆగకుండా తిరిగేస్తుంది." మొదట్లో నేనూ నమ్మాను. కిరోసిన్‌తో కడిగాను, కొత్తది వేశాను, రెండోసారీ మార్చాను. చక్రం మాత్రం ఎప్పటిలాగే ఆగింది.

కడ్డీలన్నీ ఒకేలా కట్టేసినా ఎప్పుడూ ఒకే చోట ఆగుతోంది

రిమ్ము అతుకు దగ్గరో, పెద్ద నట్టు దగ్గరో బరువు ఎక్కువగా ఉంది. ఎదురు వైపు కాస్త మైనం అంటించండి.

వదలగానే దానంతట అదే పావు చుట్టు తిరిగి, ఊగి ఆగుతోంది

వీడియో తీసి అందరికీ పంపేది దీన్నే. ఆ పావు చుట్టు మీ చేతి చలవ. కడ్డీలు సర్దేటప్పుడు బరువులను పైకెత్తింది మీరే. అవి దిగగలిగినంత దిగి కూర్చున్నాయి, అంతే.

తోస్తే టక్ టక్‌మంటూ కొన్ని చుట్లు తిరిగి ఆగుతోంది

అసలు దొంగ ఇక్కడున్నాడు. కాగితం మీద బొమ్మ ఎప్పుడూ బాగానే ఉంటుంది: కుడి వైపు కడ్డీలు బయటికి చాచుకుని, ఎడమ వైపు మడుచుకుని. కుడి వైపు బరువులు ఇరుసుకు దూరం కాబట్టి అటే మొగ్గాలి కదా అంటారు. దూరం అందరూ చూస్తారు, ఏ వైపు ఎన్ని బరువులున్నాయో లెక్కపెట్టేవాళ్లు తక్కువ.

ఒక చక్రం తీసుకుందాం. 12 కడ్డీలు, ఇరుసు నుంచి కీలుకు 30 సెం.మీ., కడ్డీ పొడవు 15 సెం.మీ. చాస్తే నేరుగా బయటికి నిలుస్తుంది, మడిస్తే వెనక్కి 60 డిగ్రీలు వాలి స్టాపర్‌కు ఆనుతుంది. చక్రం గడియారం ముల్లు తిరిగే వైపు తిరగాలి. బొమ్మలో కడ్డీ 12 గంటల చోటే పల్టీ కొట్టి చాచుకుంటుంది. నిజం చక్రంలో అలా కొట్టదు. బరువు తన కీలుకు సరిగ్గా పైకి వచ్చి, దాటితేనే పడుతుంది. 60 డిగ్రీలు వెనక్కి వాలిన కడ్డీకి ఆ చోటు రెండు గంటల దగ్గర వస్తుంది. అప్పటిదాకా అది ఎడమ వైపుకే వాలి ఉంటుంది.

ఒక కీలు 12 దాటి 15 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలవండి. ఇరుసుకు కుడి పక్కన 5 బరువులు, ఎడమ పక్కన 7. ఇరుసు నుంచి అడ్డంగా దూరాలు కూడితే కుడి పక్క 148 సెం.మీ., ఎడమ పక్క 162. చక్రం వెనక్కి తిరగాలని చూస్తోంది! మడత తగ్గించి 30 డిగ్రీలు చేస్తే పల్టీ ఒంటిగంటకే వస్తుంది, కానీ ఎడమ వైపు బరువు అంతగా లోపలికి రాదు. ఒక చోట లాగితే ఇంకో చోట పోతుంది.

ఇక ఆ టక్ శబ్దం. నిటారుగా ఉన్న 15 సెం.మీ. కడ్డీ 60 డిగ్రీలు వాలితే బరువు ఏడున్నర సెంటీమీటర్లు పడుతుంది. ఆ శక్తిలో చాలా భాగం స్టాపర్‌ను కొట్టి శబ్దంగా, వేడిగా పోతుంది. పోయిన ఎత్తును ఎడమ వైపు మళ్లీ ఎక్కించాల్సింది చక్రమే. చుట్టుకు 12 సార్లు. ఎంత మంచి బేరింగ్ వేసినా ఈ నష్టం అలాగే ఉంటుంది.

నమ్మకం కలగకపోతే దారం తీసుకుని కడ్డీలన్నీ మడిచి రిమ్ముకు కట్టేయండి. అదే వేగంతో తిప్పి, ఆగేదాకా వాచీ చూడండి. దారం విప్పి మళ్లీ తిప్పండి. కట్టినప్పుడే ఎక్కువసేపు తిరుగుతుంది. చక్రాన్ని తిప్పుతుందనుకున్న ఏర్పాటే దాన్ని ఆపుతోంది. ఈ పని అన్నిటికంటే ముందు చేయాల్సింది, చేసినవాళ్లను నేను ఇద్దరినో ముగ్గురినో చూశాను.

"మనవాళ్లు ఎప్పుడో చేశారు సార్" అని కొందరంటారు. 1150లో భాస్కరాచార్యుడు సిద్ధాంత శిరోమణిలో, బోలు ఆకుల్లో (స్పోకుల్లో) సగం పాదరసం పోసిన చక్రం గురించి రాసిన మాట నిజమే. 13వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో విలార్ ద హొన్నెకూర్ ఏడు సుత్తుల చక్రం బొమ్మ గీశాడు. రాయడం, గీయడం వేరు, తిరగడం వేరు. పాదరసానికి టక్ ఉండదు గానీ, అదీ పల్లానికే పారుతుంది, పారేటప్పుడు కొంత పోగొట్టుకుంటుంది.

మిగతావి

అయస్కాంతాలతో, నీళ్లలో తేలే డబ్బాలతో చేసే చక్రాలు: మళ్లీ ఇదే లెక్క. ఆగకుండా తిరిగే వీడియో చూపిస్తే స్టాండు కింద మోటారుందేమో చూడండి. పేటెంట్ ఆశ వద్దు, 1970 పేటెంట్ల చట్టంలోని 3(ఎ) సెక్షన్ ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైన వాటికి దారి మూసేసింది.

ఫెయిర్ రేపే అయితే చక్రాన్ని పారేయకండి. కట్టినప్పుడు, విప్పినప్పుడు వచ్చిన టైములు, 148, 162 లెక్క చార్టు మీద రాసి పక్కన పెట్టండి. జడ్జీ ఏమడిగినా జవాబు అందులోనే ఉంటుంది. చూసేవాళ్ల కోసం తిరిగి తీరాలంటే, ఇరుసుకు దారం చుట్టి చివర రాయి కట్టి వదలండి. రాయి నేలకు తగిలినప్పుడల్లా ఒకరు మళ్లీ చుట్టాలి.